పలక మీది నీడ

మడికొండల మా డాబా మీద రెండు సోలార్ పలకలు పెట్టిచ్చి నెల అయింది. కింద అర్రల చిన్న బ్యాటరీ. రెండు ఫ్యాన్లు, మూడు లైట్లు నడుస్తయి, అంతే. పోయిన ఎండాకాలం నా భార్య వినోదకు వడదెబ్బ తాకింది. ఆ రాత్రే కరెంటు పోయి ఫ్యాను ఆగింది. తెల్లారేదాక అట్టముక్కతోని విసిరిన. దక్కలేదు. బిడ్డ దీపకు ఎనిమిదేండ్లు. నాకిప్పుడు అదొక్కతే. దానికన్నా గాలి ఉండాలె అని పెట్టిచ్చిన.

"అన్నా, వారానికోసారి దుమ్ము కడుగు. ఒక్క పలక మీద నీడ పడ్డా కరెంటు తగ్గుతది," అన్నడు బిగించిన సందీప్. కరెంటు ఎంతొస్తాందో ఫోన్ల గీత చూసుడు గూడ నేర్పిండు. ఎండెక్కితే గీత ఎక్కుతది.

అయితే రోజూ నాలుగింటికి గీత దబ్బున పడిపోతాంది. పది నిమిషాలకు మళ్ల లేస్తాంది. సందీప్‌ను అడిగితే, "ఏదో నీడ పడుతాందన్నా," అన్నడు. ఏం నీడ, నా తలకాయ! చుట్టుపక్కల చెట్టు లేదు, టవరు లేదు.

ఓ రోజు నాలుగింటికి నేనే ఎక్కిన. పైన ఎవ్వరు లేరు. పలక మీద మాత్రం నీడ ఉంది. కొంగు తలమీదేసుకొని, నడుం మీద చెయ్యి పెట్టుకొని... నేను లేటుగ ఇంటికొస్తే వినోద అట్లనే నిలబడేది. పలక పెనం లెక్క కాలుతాంది. నీడ పడ్డకాడ చెయ్యి పెట్టిన. సల్లగుంది.

భయపడాలె కద? పడలే. ఏడుపొచ్చింది. "ఫ్యాను ఇప్పుడు ఆగదే వినోదా," అన్న. ఆ దినం నుంచి పిచ్చోని లెక్క రోజూ ఎక్కి ముచ్చట పెట్టిన.

అక్కడితోని ఊకుంటే బాగుండు. "అమ్మ యాదికొస్తాంది నాయినా," అని దీప ఒక్కతీరుగ ఏడ్చింది. నిన్న దాన్ని గూడ పైకి తీస్కపోయిన.

"అమ్మనే..." అన్నది, గుసగుసగ.

దాని నీడ పోయి ఆ నీడ పక్కన పడ్డది. పెద్ద నీడ వంగింది. చెయ్యి చాపింది... చిన్న నీడ చెయ్యి పట్టుకున్నది. దీపను గుంజుకొని కిందికి ఉరికిన.

ఇయ్యాల నాలుగింటికి గీత పడ్డది. పది నిమిషాలైంది. లేవలే. ఐదైంది... లేవలే.

మెట్లెక్కి చూసిన. రెండు నీడలు. పెద్దది... దాని చెయ్యి పట్టుకొని, రెండు జడల చిన్నది.

"దీపా!"

"ఇక్కడనే ఉన్న నాయినా."

కింద వాకిట్ల, ఎండల నిలబడి నన్నే చూస్తాంది. దేవుడా అనుకుంట దిగి, మోకాళ్ల మీద కూసొని, దాన్ని గట్టిగ వాటేసుకున్న.

"అమ్మ ఇడుస్తలేదు నాయినా," అన్నది నా చెవుల.

తల వంచి నేల దిక్కు చూసిన. నా నీడ ఒక్కటే ఉంది. రెండు చేతులు చాపి... నడుమ ఉత్త ఎండ.