చెవిటి వాచ్‌మన్, ఉక్కుపెట్టె

రేవులో తేలిన శవం చేతికి గడియారం ఉంది. అది ఇంకా నడుస్తోంది.

"మన మనిషే," అన్నాడు పై అధికారి హార్డింగ్, ఫోటో బల్ల మీద పెడుతూ. "మకావ్ నుంచి వస్తున్న ఒక పెట్టె గురించి నాకు చెప్పడానికి బయల్దేరాడు. ఇంత దూరమే రాగలిగాడు."

స్పెషల్ బ్రాంచ్ ఏజెంట్ పైడయ్య ఫోటోను వెనక్కి తిప్పి పెట్టాడు. 1957 ఆగస్టు. నెలాఖరున మెర్డెకా. మలయాకు స్వాతంత్ర్యం. ఊరూరా దుకాణాల ముందు కొత్త జెండాలు అమ్ముతున్నారు.

"పెట్టెలో ఏముంది సార్?"

"కాగితాల ప్రకారం బాణసంచా. మెర్డెకా వేడుకలకి. పెట్టె మాత్రం మామూలుది కాదు. చిన్న గదంత ఉక్కుపెట్టె. అమెరికా సైన్యం కొరియాలో వాడి వదిలేసింది. అక్కడ తాళం వేసి ఓడెక్కిస్తే ఇక్కడ దింపేదాకా లోపల ఏముందో ఎవరికీ కనపడదు. దిగుమతి వ్యాపారానికి ఇదే భవిష్యత్తు అంటున్నారు. స్మగ్లర్లకు ఆ సంగతి ముందే అర్థమైంది."

"పంపేది?"

"సిల్వేరా. తుపాకుల వ్యాపారి. అడవుల్లో కమ్యూనిస్టులతో ఈ పోరు ఇన్నాళ్లూ అతనికి అన్నం పెట్టింది. స్వాతంత్ర్యం వచ్చి దేశం నిమ్మళిస్తే ఇక కొనేవాడుండడు. అందుకని బాణసంచా కింద బాంబు. పడంగ్ మైదానంలో, జనం మధ్య. పెట్టెను పట్టుకోవడం తేలికే. నాకు సిల్వేరా కావాలి. పెట్టె తెరిచేటప్పుడు బాంబు గడియారం తిప్పడానికి తానే వస్తాడు."

హార్డింగ్ రెండో ఫోటో తీశాడు. ఆకుపచ్చ జార్జెట్ చీర, నల్లకళ్లద్దాలు, సగం నవ్వు.

"రత్నావతి. పోర్ట్ స్వెట్టెన్‌హామ్‌లో దిగుమతి కంపెనీ నడుపుతోంది. సిల్వేరాకు పని చేస్తోంది. మనకూ పని చేస్తోంది. రెంటిలో ఏది నిజమో నాకు తెలియదు."

పైడయ్య ముఖం కదలలేదు. సుంగై సుమున్ కొబ్బరితోటలో కూలీల వరుసగదుల లైన్లలో రత్నావతి వాళ్లది పక్కగది. పెద్దవాళ్లు తాంబూలాలు కూడా మార్చుకున్నారు. తర్వాత ఆమె టైపు నేర్చుకుని కౌలాలంపూర్ వెళ్లింది. ఇతను పోలీసుల్లో చేరాడు. పెళ్లి మాట మళ్లీ ఎత్తినవారు లేరు. పోయిన ఏడు అమ్మ చనిపోయినప్పుడు రత్నావతి వస్తుందని గుమ్మం వైపు చూశాడు. రాలేదు.

ఇవేవీ హార్డింగ్‌కి చెప్పలేదు. చెబితే ఈ పని ఇవ్వడు.

"నువ్వు గోడౌన్ వాచ్‌మన్‌వి. చెవిటివాడివి. ఇదిగో చెవిటి మిషన్." హార్డింగ్ చిన్న పెట్టె, వైరు అతని ముందుకు తోశాడు. "ఆమె చీర బ్రోచ్‌లో మైకు ఉంటుంది. ఆమె మాట్లాడేదంతా నీ చెవిలో పడుతుంది. మన ఏజెంట్ లెచ్చుమనన్ ఆమె పక్కన భాగస్వామిగా నటిస్తాడు. ప్రమాదం వస్తే కోడ్‌వర్డ్ నీ పేరు. చెవిటి వాచ్‌మన్‌ని పేరు పెట్టి అరిస్తే ఎవరికీ అనుమానం రాదు."

"ఆమెకు చెప్పారా సార్?"

"చెప్పాను. ముఖం చిట్లించింది. వేరే మాట పెట్టమంది. కారణం అడిగితే చెప్పలేదు. నేను మార్చలేదు." హార్డింగ్ సిగరెట్ ఆర్పాడు. "ఒకటి గుర్తుంచుకో. ప్రమాదం వచ్చి కూడా ఆమె పిలవలేదంటే ఆమె వాళ్ల మనిషి. అప్పుడు సిల్వేరాతో పాటే ఆమె కూడా. అవసరమైతే కాల్చు."

నా పేరంటే అంత రోతా, అనుకున్నాడు పైడయ్య.

* * *

రేవు గేటు దగ్గర గుమాస్తా అతని గుర్తింపు కార్డు అడిగాడు. చెవిటివాడిలా రెండుసార్లు అడిగించుకుని తీసిచ్చాడు. ఆ కార్డు చూసినప్పుడల్లా అతనికి అమ్మ గుర్తొస్తుంది. అడవుల్లో పోరు లేచి మలయాలో ఎమర్జెన్సీ మొదలైన ఏడు తోటలో అందరికీ కార్డులు రాశారు. మొగుడి పేరేమిటని అమ్మ దేవుడమ్మను అడిగారు. దేవుడమ్మ తల దించుకుని నిలబడింది. ఎంత గద్దించినా నోరు విప్పలేదు. చివరికి కొడుకును ముందుకు తోసి, "ఈడి తండ్రి. పేరు ఈడు సెబుతాడు," అంది. వెనక వరుసలో ఉన్న రత్నావతి అప్పుడు నవ్వలేదు. అందరూ నవ్వారు.

గోడౌన్ ముందు స్టూలు మీద కూర్చుని, చెవిలో మిషన్ పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి అతనికి నరకం మొదలైంది.

వినకూడని చోట వినడం అతని వృత్తి. కాని రత్నావతి నవ్వు ఇంత దగ్గరగా, చెవి లోపలే, వేరొకడి కోసం మోగుతుంటే వినడం ఎక్కడా నేర్పలేదు.

"లెచ్చుమనన్, కాఫీ సల్లారిపోతంది, తాగు."

"లెచ్చుమనన్, ఈ టై బాగుందిరా నీకు."

"ఏటి లెచ్చుమనన్, మళ్లీ ఆలస్యమా?"

ఆ పేరు ఆమె నోట ఎంత తేలిగ్గా వస్తోంది! పైడయ్యను పిలవాల్సి వస్తే మాత్రం "ఓయ్," అంటుంది. "ఇదిగో," అంటుంది. చిటిక వేస్తుంది. ఒకసారి అతని కాలి దగ్గర చిన్న గులకరాయి విసిరింది. పేరు లేదు. అమ్మ పెట్టిన పేరు, లైన్లలో అందరూ అరిచి పిలిచిన పేరు, ఆమె నాలుకకు చేదైపోయింది.

లెచ్చుమనన్ మంచివాడే. అదే ఎక్కువ బాధ. తెల్ల డ్రిల్ సూటు, నూనె మెరిసే క్రాపు. పొగతాగే నెపంతో బయటికొచ్చి, గొంతు తగ్గించి, మలయ్ వాళ్ల "లా" తగిలించిన తెలుగులో అడిగాడు.

"అన్నా, ఏటి లా, మొగం అట్టా పెట్టినావు? కడుపునొప్పా?"

"ఎండ," అన్నాడు పైడయ్య.

"రత్నా కూడా అడిగింది. వాచ్‌మన్ తిన్నాడా లేదా సూడమంది."

"వాచ్‌మన్ తిన్నాడని చెప్పు."

లెచ్చుమనన్ భుజాలు ఎగరేసి లోపలికి వెళ్లిపోయాడు. చెవిలో ఆమె గొంతు: "ఏటన్నాడు?" అతని జవాబు. ఆమె నిట్టూర్పు. అది విసుగు అని పైడయ్య తీర్మానించుకున్నాడు.

* * *

మెర్డెకాకు ముందు రోజు మధ్యాహ్నం ఉక్కుపెట్టె వచ్చింది. క్రేను దాన్ని గోడౌన్ మధ్యలో దింపింది. కాసేపటికి ఒక లాంచి వచ్చి ఆగింది. అందులోంచి పనామా టోపీ పెట్టుకున్న సన్నటి మనిషి ఒక్కడే దిగాడు. సిల్వేరా. స్టూలు మీద వాచ్‌మన్‌ని చూసి, దండం పెట్టిన చేతుల్ని పట్టించుకోకుండా లోపలికి నడిచాడు. తలుపు మూసుకుంది.

చెవిలో ఇనుప గడియ తీసిన చప్పుడు. బాణసంచా పెట్టెలు పక్కకు జరిపిన చప్పుడు. గడియారం కీ తిప్పిన చప్పుడు.

"నేల పలక కింద చూడు, మిత్రమా," అన్నాడు సిల్వేరా.

"ఎక్కడ?" లెచ్చుమనన్ గొంతు పెట్టె లోపలి నుంచి వచ్చింది.

ఉక్కు తలుపు మూసుకుంది. గడియ పడింది. ఆ వెంటనే లోపలి నుంచి గుద్దుతున్న మోతలు.

అది విన్నప్పుడు పైడయ్యకు మొదట కలిగింది భయం కాదు. ఏదో తేలికపడినట్టు అనిపించింది. ఆ అనిపించడాన్ని అతను ఆ తర్వాత చాలా ఏళ్లు మరచిపోలేకపోయాడు.

"మీ భాగస్వామి పోలీసు," సిల్వేరా గొంతు. "పాపం, ఇక పడంగ్ దాకా వెళ్లే పని లేదు. ఇది ఇక్కడే పేలుతుంది. రేవు పోయినా నా పని జరిగినట్టే. నేను లాంచిలో దూరంగా ఉంటాను. మీ సంగతే తేలాలి, మేడమ్. మీరు ఎవరి మనిషి?"

తుపాకీ మీట వెనక్కి లాగిన చప్పుడు.

ఇప్పుడు పిలవాలి. పైడయ్య స్టూలు మీంచి లేచాడు. పిలు. ఒక్క మాట. ఎంత చేదైనా సరే.

ఆమె పిలవలేదు.

"నేను మీ మనిషినే," అంది రత్నావతి, నవ్వుతూ. ఆ సగం నవ్వు అతనికి కనపడినట్టే వినపడింది.

పైడయ్య చొక్కా కింద పిస్తోలు మీద చెయ్యి వేశాడు. హార్డింగ్ ఆజ్ఞ స్పష్టంగా ఉంది.

"నమ్మను," అన్నాడు సిల్వేరా. "మీరూ పెట్టెలోకి నడవండి."

"ఒక్క నిమిషం. మా దేవతకు దండం పెట్టుకోనియ్యండి."

"పెట్టుకోండి. తొందరగా."

ఆమె తెలుగులోకి మారింది. గొంతు చిన్నది. మైకుకు దగ్గరగా తల వంచి ఉండాలి.

"తల్లీ, నా మాట దేవుడమ్మత్త కొడుక్కి ఇనపడాల. ఈడు తుపాకీ ఎత్తినాడు. లెచ్చుమనన్ని పెట్టెలో ఏసి గడియ ఎట్టినాడు. లోపల గడియారం తిరుగుతంది. బేగి రమ్మను తల్లీ, దేవుడమ్మత్త కొడుకుని."

పైడయ్య చెయ్యి ఆగిపోయింది.

అమ్మ పోయాక అతన్ని ఎవరూ ఆ మాటతో పిలవలేదు. కార్డుల వరుసలో తల దించుకున్న అమ్మ, నవ్వని ఒక పిల్ల, గులకరాయి, "ఓయ్", చిటిక. అన్నీ ఒక్కసారే వచ్చి నిలబడ్డాయి. తాంబూలాలు పుచ్చుకున్న రోజు నుంచీ రత్నావతి అతని పేరు పలకలేదు. పలకదు. తుపాకీ ఎదురుగా ఉన్నా పలకదు.

అతను స్టూలు పక్కనున్న టీ కెటిల్ అందుకుని తలుపు తోశాడు.

"ఎవడు వీడు?" సిల్వేరా తుపాకీ తిప్పాడు.

"వాచ్‌మన్. చెవుడు," అంది రత్నావతి.

"ఆగు!"

వాచ్‌మన్ ఆగలేదు. చెవిటివాడు ఎందుకు ఆగుతాడు? తల ఊపుతూ, వంగి వంగి, కెటిల్ చూపిస్తూ నడిచాడు.

"ఆగమంటుంటే!"

ఇంకో రెండు అడుగులు. వేడి టీ సిల్వేరా ముఖం మీద పడింది. తుపాకీ పైకప్పు వైపు పేలింది. కెటిల్ రెండోసారి అతని మణికట్టు మీద పడింది. రత్నావతి తుపాకీని అందుకుని అతని తలకు ఆనించింది.

పైడయ్య గడియ లాగాడు. లెచ్చుమనన్ చెమటలో తడిసి, నేల పలక లేపి, రెండు చేతులతో వైర్ల ముడి పట్టుకుని ఉన్నాడు.

"అన్నా, ముళ్లు కలిసిపోతున్నాయి లా."

"డిటొనేటర్ ఏది?"

"ఇది. బిగిసిపోయింది."

పైడయ్య అతని చేతుల మీద తన చేతులు వేశాడు. ఇద్దరూ కలిసి లాగారు. ఊడింది. గోడ దగ్గరి ఇసుక బకెట్ వైపు విసిరాడు. అది ఇసుకలో పడీపడగానే టప్‌మని పేలింది. బకెట్ దొర్లింది. ఆ తర్వాత లెచ్చుమనన్ గస తప్ప ఏమీ వినపడలేదు.

* * *

మర్నాడు కౌలాలంపూర్‌లో జనం కేకలు కిటికీలోంచి వస్తున్నాయి. హార్డింగ్ ముందు ముగ్గురూ కూర్చున్నారు.

"మేడమ్, మీరు కోడ్‌వర్డ్ వాడలేదు. ఇతను మిమ్మల్ని కాల్చి ఉండేవాడు."

"తెలుసు సార్."

"ఎందుకు వాడలేదు?"

రత్నావతి తల దించుకుంది. హార్డింగ్ పైడయ్య వైపు చూశాడు.

"మాలో ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు సార్," అన్నాడు పైడయ్య. "మాకు పెళ్లి కాలేదు. కాని ఆమె ముందే మొదలుపెట్టింది."

లెచ్చుమనన్ కుర్చీలో కదిలాడు. "అంటే, నన్ను రోజుకు వందసార్లు పేరెట్టి పిలిచినావే..."

"తమ్ముడివి కదరా నువ్వు," అంది రత్నావతి ఆప్యాయంగా.

లెచ్చుమనన్ టై వదులు చేసుకుని కిటికీ వైపు తిరిగాడు. అతని ముఖంలోని ఆ రంగు పైడయ్యకు బాగా తెలుసు. రెండు వారాలు తాను మోసిందే.

"రికార్డు కోసం," అన్నాడు హార్డింగ్, కలం తీసి, "ఆ మాట ఒక్కసారి పలకండి మేడమ్. ఏజెంట్ పేరేమిటి?"

ఆమె సీలింగ్ ఫ్యాను వైపు చూసింది. తర్వాత పక్కనున్నవాడిని మోచేత్తో పొడిచింది.

"ఈయన్నే అడగండి సార్."

హార్డింగ్ నిట్టూర్చి ఫైల్లో రాశాడు: "కోడ్‌వర్డ్ విఫలం. కారణం: కాబోయే భర్త."