గొడుగు అంచు

ఆ గదికి కిటికీ లేదు. ఉన్న ఒక్కదాన్నీ ఎప్పుడో చెక్కలు కొట్టి మూసేసి, నాలుగు గోడలకూ బూడిదరంగు పూశారు. బయట ఎండ మండిపోతున్నా లోపల మాత్రం పొద్దు గూకినట్టే ఉంటుంది. వీడియోలకు రంగులు దిద్దే గది మరి. పక్కన ఏ రంగు ఉన్నా అది తెర మీద పడి కళ్ళను మోసం చేస్తుంది. అందుకే అక్కడ పనిచేసేవాళ్ళు బట్టల మీద బూడిదరంగు కోటు తొడుక్కోవాలి. తలుపు పక్కన మేకుకి అలాంటి కోట్లు రెండు ఉండేవి.

ఒకటి అక్కది, ఇంకొకటి చెల్లెలిది. అక్కను ఆఫీసంతా డేగ అనేది. అక్షరం చుట్టూ వెంట్రుకవాసి మురికి ఉన్నా సరే, ఆమె కంటపడాల్సిందే. చెల్లెలు చిలక. నోటికి తాళం ఉండదు, మాటలు అయిపోతే కూనిరాగం తీస్తుంది. కోటంటే ఒళ్ళుమంట కాబట్టి పంతానికి రోజూ లోపల ఎర్రచొక్కా వేసుకొచ్చేది. ఇది తొడుక్కుని కూర్చుంటే ఏదో ఒకరోజు గోడలో కలిసిపోతానని గొణిగేది. తల్లి పోయాక చిలకను పెంచింది డేగే. చెల్లెలు తుమ్మినా ఆమెకు కంటి మీద కునుకు ఉండదు. ఆ సంగతి తెలిసి చిలక అప్పుడప్పుడూ కావాలనే తుమ్మేది.

ఆ మధ్యాహ్నం వాళ్ళ చేతిలో ఉన్నది ఒక గొడుగుల కంపెనీ ప్రకటన. చివర్లో తెర మధ్యకి ఆ కంపెనీ లోగో వస్తుంది, ఒక ఎర్రగొడుగు. ఎరుపు వాడిపోయిందనీ, అంచున మసి అంటుకున్నట్టుందనీ కంపెనీవాళ్ళు అప్పటికే రెండుసార్లు తిప్పి పంపారు. పోనీ అసలు బొమ్మ ఇవ్వమంటే అదెక్కడో పోయిందట. ఏదో పాత వీడియోలోంచి ఎవరో కత్తిరించిన ముక్కే ఇప్పుడు దిక్కు.

"కత్తిరించినప్పుడు వెనకున్న చోటు కాస్త అంచుకి అంటుకుని వస్తుందక్కా. అది గీకెయ్, ఎరుపు దానంతటదే తేటపడుతుంది" అని చిలక తేల్చేసింది. కోటు విప్పి మేకుకి తగిలించి, ప్రకటనకి సంగీతం సరిచూడాలంటూ పక్కగదిలోకి వెళ్ళింది. మధ్యలో ఉన్నది పల్చటి గోడ. ఆమె కూనిరాగం ఇవతలికి వినిపిస్తూనే ఉంది.

డేగ గొడుగు అంచును తెర నిండా పెద్దది చేసింది. నిజమే, చుట్టూ సన్నగా మసిగీత. దాన్ని ఒక్క వెంట్రుకవాసి లోపలికి కోసింది. ఎరుపు కొంచెం తేరుకుంది. ఆ సంబరంలో వెంటనే సేవ్ కొట్టింది, అదీ పాత ఫైలు మీదే. ఏ పని ముట్టుకున్నా ముందు ఇంకో కాపీ దాచుకునే మనిషి ఆ రోజెందుకో మర్చిపోయింది.

పక్కగదిలో కూనిరాగం ఆగింది.

చిలకను ఎవరైనా పిలిచారేమో అనుకుని డేగ ఇంకాస్త కోసింది. మళ్ళీ ఇంకాస్త. ఎరుపు ఎంత బాగా వచ్చిందంటే, కంపెనీవాళ్ళు నమూనాగా పంపిన గుడ్డముక్కను తెర పక్కన పెడితే రెండింటికీ తేడా తెలియలేదు.

డేగకు పని నేర్పిన పెద్దాయన పెట్టిన అలవాటు ఒకటుంది. తీసేసిన మురికిని పారేసేముందు విడిగా ఓసారి చూసుకోవాలి, దాంతోపాటు పనికొచ్చేదేమైనా తెగిపోయిందేమోనని. కోసేసిన ఆ అంచును ఒక్కదాన్నే తెర మీదకి తెచ్చి, వెలుగు పెంచింది.

అది మసి కాదు. బూడిదరంగు. అంకెల్లో కొలిచి చూసింది. ఈ గది గోడలకి పూసిన రంగు అంకెలు ఆమెకు కంఠతా వచ్చు. ఒక్క అంకె కూడా తేడా లేదు...

గదిలో తడిగుడ్డ ముక్కిపోయిన వాసన వేసింది. ఎక్కడినుంచో తెలియలేదు. డేగ వెలుగు ఇంకొంచెం పెంచింది.

గొడుగు ఒంపులా వంగిన ఆ సన్నటి పట్టీలో ఒక తలుపు కనిపించింది. తలుపు పక్కన మేకు. మేకుకి ఒక కోటు. దాని ముందు ఎవరో నిలబడి ఉన్నారు. చొక్కా బూడిదరంగు... ముఖం బూడిదరంగు... నోరు మాత్రం కదులుతోంది.

చిలక.

ఆ మేకు సరిగ్గా డేగ వీపు వెనకే ఉంది. గిరుక్కున తిరిగింది. కోటు మెల్లగా ఊగుతోంది. ఎవరూ లేరు.

పక్కగదిలోకి పరిగెత్తింది. కుర్చీ ఖాళీ. ఇయర్‌ఫోన్లలో సంగీతం దానిపాటికది సన్నగా మోగుతోంది.

"చిలకా..." అంది.

వెనక్కి వచ్చి, ఒక్కో కోతనీ వెనక్కి తిప్పింది. ఒకటి... గొడుగు ఎరుపు వాడింది. ఇంకొకటి... మసి మళ్ళీ అంటుకుంది. పట్టీలో ఉన్న మనిషి చొక్కా మీద ఎరుపు పాకింది. ఆ తర్వాత ఆగిపోయింది. మొదటి కోత దగ్గర సేవ్ కొట్టింది కదా, అది దాటి వెనక్కి పోదు. మీట మీద కొట్టింది, కొడుతూనే ఉంది. కంపెనీ ఏమైపోయినా ఆమెకిక అక్కర్లేదు. చెల్లెలు కావాలి, అంతే.

వెనక కోటు గరగరలాడింది.

"ఎందుకక్కా ఏడుస్తున్నావు?"

చిలకే. ఎర్రచొక్కా, ఎప్పటి ముఖమే. డేగ ఆమెను వాటేసుకుని చిన్నపిల్లలా ఏడ్చేసింది. ఒళ్ళు చల్లగా ఉంది. పోనీలే, మనిషి దక్కింది. ఒక్క క్షణం కూడా ఇక్కడ ఉండొద్దంటూ చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చింది.

వరండాలో తెల్లగోడ నిండా ఎండ. డేగ ఊపిరి పీల్చుకుని చెల్లెలి వైపు చూసింది.

తల చుట్టూ, భుజాల చుట్టూ, వేళ్ళ చుట్టూ... వెంట్రుకవాసి మసిగీత. చిలక కదిలితే గీత కూడా కదిలింది. తన కళ్ళే చెడ్డాయేమోనని డేగ తన చేతిని అదే గోడకి ఆనించి చూసుకుంది. దాని చుట్టూ ఏమీ లేదు.

చిలక దగ్గరగా వంగి గుసగుసగా అంది.

"ఈ అంచు ఒరుసుకుంటోందక్కా... ఇంకాస్త కోసెయ్యవూ?"

అని పెదవులు మూసుకుని అక్క వైపే చూస్తూ నిలబడింది.

అప్పుడే వాళ్ళ వెనక, తలుపు అవతలి బూడిదరంగు గదిలోంచి కూనిరాగం మొదలైంది.