అతికించిన చుక్క

గుంటూరు లాడ్జిలో ప్రేమ్‌చంద్‌ని ఎవరో ఆ ఉదయమే కాల్చి చంపారు. పాత నాణేల వ్యాపారి వేషంలో విదేశీ ముఠాలోకి దూరిన మన మనిషి అతను. సగంలో ఆగిన ఆ పని ఏజెంట్ పానకాలు నెత్తిన పడింది.

"తీరప్రాంత రాడార్ కోడ్‌లు పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి," ఫోన్‌లో చీఫ్ రాజేశ్వరి గొంతు కరుగ్గా ఉంది. "మధ్యాహ్నం ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో కొరియర్ దాన్ని అప్పగిస్తాడు. పాస్‌వర్డ్ వెండి రూపాయి. విక్టోరియా రాణి బొమ్మ, 1862. టంకశాల ఏళ్ల తరబడి అదే సంవత్సరంతో ముద్రించింది. అచ్చు మారినప్పుడల్లా సంవత్సరం కింద చుక్కలు మారాయి. కొరియర్‌కి ముఠాలో ఎవరి మొహమూ తెలీదు, ఇవాళ రెండు చుక్కల నాణెం చూపించినవాడికే సరుకు."

"నాణెం ఎక్కడ?"

"ముఠాలో ఉన్న మన తేజశ్రీ ఇస్తుంది. తేడా వస్తే నీ శవం కోసం కూడా ఎవర్నీ పంపను."

పానకాలు రంగేసిన గడ్డం, సఫారీ సూటుతో కోల్డ్ స్టోరేజీలో అడుగుపెట్టాడు. కప్పు దాకా పేర్చిన మిర్చి బస్తాలు, అక్కడి మాటలో టిక్కీలు. ఒకవైపు చలి, మరోవైపు ఘాటు. మంగళగిరి పట్టుచీర, నల్ల కళ్లద్దాలతో తేజశ్రీ ఎదురొచ్చి రూపాయి అతని చేతిలో పెట్టింది.

"చూపించు. నోరెత్తకు."

అతను భూతద్దం తీశాడు.

"ఏం, నా మీద నమ్మకం లేదా?"

"నాకెవరి మీదా లేదండీ."

ఒక చుక్క అంకెలతో పాటే అరిగిపోయింది. రెండోది ఉబ్బెత్తుగా, కొత్తగా మెరుస్తోంది. దాని చుట్టూ వెంట్రుకంత గీత. అచ్చులో పుట్టిన చుక్క కాదది, తర్వాత అతికించింది! ఇది ఒంటిచుక్క నాణెం. ప్రేమ్‌చంద్‌ని పట్టించిందెవరో అతనికి అర్థమైంది.

టిక్కీల మధ్య నుంచి పిస్టల్ పట్టుకుని కొరియర్ వచ్చాడు.

"కాయిన్!"

పానకాలు నాణేన్ని తేజశ్రీ అరచేతిలో పెట్టేశాడు. "ఈవిడే మా బాస్. ఈవిడ దగ్గరే తీసుకోండి."

ఆమె ముఖం పాలిపోయింది. కొరియర్ రూపాయి లాక్కుని, పానకాలు పట్టుకున్న భూతద్దం కింద పెట్టి చూశాడు. పిస్టల్ ఆమె వైపు తిరిగింది.

"ఫేక్!"

"ఆగు! అసలుది నా దగ్గరుంది!" ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్లింది. తుపాకీ తీస్తోందనుకుని కొరియర్ ట్రిగ్గర్ మీద వేలు బిగించాడు.

పానకాలు పక్కనున్న వరుసని భుజంతో బలంగా తోశాడు. టిక్కీలు ధడేలున కొరియర్ మీద పడ్డాయి. గుండు కప్పులోకి దూసుకుపోయింది. పానకాలు పిస్టల్ లాక్కుని, అతని జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు.

"ప్రేమ్‌చంద్‌ని నువ్వే పట్టించావు కదూ?"

"వాడూ నాణేన్ని ఇలాగే తెగ చూశాడు," తేజశ్రీ తాపీగా అంది.

పానకాలుకి ట్రిగ్గర్ నొక్కాలనిపించింది. పళ్లు బిగించి ఇద్దరికీ బేడీలు వేశాడు.

అంతలో కోల్డ్ స్టోరేజీ ఓనర్ బుల్లయ్య పరుగెత్తుకొచ్చాడు. చిందిన మిర్చి చూసి గుండెలు బాదుకున్నాడు.

"ఇదంతా ఎవరు సర్దుతారండీ?"

దేశం క్షేమం అని ఢిల్లీలోని చీఫ్‌కి మెసేజ్ పెట్టి, పానకాలు తుమ్ముతూ మొదటి టిక్కీ భుజానికెత్తుకున్నాడు.