శీతాక్షి శాపసూత్రం

కొండలు కంకణంలా చుట్టుముట్టిన లోయలో కంకణగిరి అనే రాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో తల్లులు బిడ్డలను ఎత్తుకునేవారు కాదు. స్నేహితులు భుజాల మీద చేతులు వేసుకుని నడిచేవారు కాదు. పెళ్లిపీటల మీద కూడా వధూవరులు ఎడంగా కూర్చునేవారు.

దీనికంతటికీ కారణం శీతాక్షి అనే రాక్షసి. ఉత్తరపు కొండ గుహలో ఒంటరిగా ఉండే ఆమె ఒక ఏడాది లోయ మీదికి తన చల్లని ఊపిరి వదిలి శపించింది. అప్పటి నుంచి ఇద్దరు మనుషులు ఒకరినొకరు తాకితే, ఒక్కోసారి ఆ ఇద్దరూ కలిసి ఒకే తెల్లకొంగగా మారిపోయేవారు. ఒక్కోసారి ఎగిరే కొంగ నేల మీద వాలి మళ్లీ ఇద్దరు మనుషులయ్యేది.

రాజు విక్రాంతసేనుడు కొంగలను చూడలేకపోయాడు. కొంగలు లేకపోతే శాపమూ ఉండదనుకున్నాడు. వాటిని వలవేసి పట్టి, రెక్కలు కత్తిరించి, కొండల అవతల ఉన్న చవిటినేలలో వదిలి రమ్మని భటులను ఆజ్ఞాపించాడు. ఆ వలలు అల్లే పని చెంగల్వ అనే అమ్మాయికి, ఆమె తల్లి పోలమ్మకు అప్పగించారు. అయితే కొంగలను తరలించే కొద్దీ జనం మరింత వేగంగా కొంగలు కాసాగారు.

ఒక సాయంత్రం చెంగల్వ తమ్ముడు కొమరుడికి జ్వరం వచ్చింది. వాడు చేతులు చాచి ఏడుస్తుంటే పోలమ్మ చాలాసేపు పళ్లు బిగపట్టి కూర్చుంది. చివరికి ఆగలేక వాణ్ణి ఒళ్లోకి తీసుకుంది.

"అమ్మా, దించెయ్యి," అంది చెంగల్వ.

"కాసేపు పడుకోనివ్వవే. పిల్లాడి ఒళ్లు కాలిపోతోంది," అంది పోలమ్మ.

ఆ మాట పూర్తయ్యేసరికి గడప దగ్గర తెల్లకొంగ నిలబడి ఉంది. తెల్లవారగానే భటులు వచ్చి దాని మీద వల విసిరారు. అది చెంగల్వ అల్లిన వలే.

ఆ రోజే చెంగల్వ శీతాక్షిని వెతుక్కుంటూ ఉత్తరపు అడవిలోకి నడిచింది. ముళ్లు గీరుకుని, ఆకలికి అడవి కాయలు తిని, కొండ అంచున ఉన్న ఒక ఆశ్రమం చేరింది. అక్కడ శంఖపాదుడనే ముసలి రసవాది ఉండేవాడు. ఆమె కథ విని ఆయన ఇలా అన్నాడు:

"శీతాక్షిని కత్తితో గెలిచినవాళ్లు లేరమ్మా. ఆమె శాపం ఎలా నడుస్తోందో తప్పు లేకుండా రాసి చూపినవాళ్ల మాట మాత్రం ఆమె వింటుంది."

ఆయన మూత బిగించిన గాజుకూజా ఒకటి తెచ్చాడు. "ఇందులో ఏముంది?"

"ఎర్రటి పొగ. కదలకుండా ఉంది, తాతా."

"కదలకుండా ఏమీ లేదు. ఎర్రపొగ కణాలు రెండేసి కలిసి ఒక్కో రంగులేని కణంగా మారతాయి. రంగులేనిది విడిపోయి మళ్లీ రెండు ఎర్రకణాలవుతుంది. కలవడం, విడిపోవడం ఒకే వేగంతో జరుగుతున్నాయి కనుక మార్పు లేనట్టు కనిపిస్తుంది. రసాయన చర్యలో దీన్ని సమతాస్థితి అంటారు."

ఆయన ఇసుకలో ఒక అడ్డగీత గీశాడు. "ఏర్పడినదాని చిక్కదనం, అంటే గాఢత, గీతకు పైన రాయి. మొదటినుంచి ఉన్నదాని చిక్కదనం కింద రాయి. రెండు కణాలు కలిస్తేనే ఒకటి ఏర్పడుతుంది కనుక కిందిదాన్ని దానితోనే గుణించు. పైదాన్ని కిందిదానితో భాగిస్తే వచ్చే విలువ, వేడి మారనంతవరకు మారదు."

చెంగల్వ ఆ గీత వైపు చాలాసేపు చూసింది. "మరి పైనున్నదాన్ని ఎవరైనా తీసేస్తే?"

"ఆ విలువ నిలబడాలి కదా. కింద ఉన్నవి మరిన్ని కలిసి పైకి చేరతాయి."

ఆమె ముఖం పాలిపోయింది. "మేం కొంగల్ని తీసేసినందుకే జనం కొంగలయ్యారు. మా అమ్మ కూడా అందుకే అయింది. వలలు అల్లింది నేను, తాతా."

శంఖపాదుడు ఆమెను ఏడవనిచ్చాడు. ఆ తరువాత ఒక పుల్ల ఆమె చేతికిచ్చి, "రాయడం నేర్చుకో," అన్నాడు. తప్పు లేకుండా రాయడం వచ్చేదాకా ఆమె అక్కడే ఉండి నేర్చుకుంది.

శీతాక్షి గుహకు మొదటి వాకిట్లో సున్నపురాతి సింహం కాపలా ఉంది. "నన్ను కాలిస్తే సున్నం మిగులుతుంది, ఒక వాయువు బయటికి వస్తుంది. మూసిన బట్టీలో ఆ రెండూ కలిసి మళ్లీ నేనవుతాను. నా సూత్రం రాయి," అంది సింహం.

చెంగల్వ సున్నాన్నీ వాయువునూ గీతకు పైన, రాతిని కింద రాసింది. ఒక్క క్షణం ఆలోచించి సున్నాన్ని చెరిపింది. రాతిని కూడా చెరిపింది. వాయువు ఒక్కటే మిగిలింది.

"నన్నే చెరిపేశావా?" అంది సింహం.

"నువ్వు లేకపోతే ఇదేదీ జరగదు. కానీ గట్టి పదార్థం కొండంత ఉన్నా పిడికెడు ఉన్నా దాని చిక్కదనం ఒక్కటే. అందుకే సూత్రంలో రాయలేదు."

"నిజమే. ఇన్నాళ్లుగా ఇక్కడున్నాను, ఎవరి లెక్కలోకీ రాను," అని సింహం దిగులుగా పక్కకు జరిగింది.

రెండో వాకిట్లో రెండు తలల పాము పడగలెత్తింది. "ఒక పాలు నత్రజని, మూడు పాళ్లు ఉదజని కలిస్తే రెండు పాళ్లు అమ్మోనియా వస్తుంది. అన్నీ వాయువులే. రాయి," అంది ఒక తల. "కింద ఉన్న రెంటినీ కూడితే చాలులే," అని రెండో తల మెల్లగా చెవిలో ఊదింది.

చెంగల్వ ఆ మాట పట్టించుకోలేదు. పైన అమ్మోనియాను రెండుసార్లు రాసి గుణించింది. కింద నత్రజనిని ఒకసారి, ఉదజనిని మూడుసార్లు రాసి, అన్నిటినీ గుణించింది. పాము చుట్ట విప్పి దారి ఇచ్చింది.

లోపల మంచుబండ మీద శీతాక్షి తన చేతులతో తననే చుట్టుకుని కూర్చుని ఉంది. చెంగల్వ మంచు పట్టిన గోడ మీద వేలితో గీత గీసింది. పైన కొంగలు అని రాసింది. కింద మనుషులు, మనుషులు అని రెండుసార్లు రాసి గుణించింది.

రాక్షసి దాన్ని చదివి తల దించుకుంది. "నా బిడ్డ ఈ గుహలోనే పోయింది, పిల్లా. ఆ తరువాత ఇద్దరు దగ్గరగా ఉంటే చూడలేకపోయాను."

దారి పొడవునా కూడబెట్టుకున్న కోపం చెంగల్వకు ఆ క్షణాన గుర్తురాలేదు. "మా వాళ్లని ఇచ్చెయ్యి, అవ్వా," అంది.

"ఆ సూత్రాన్ని నేనూ చెరపలేను. నా ఊపిరి ఆపుకుంటాను. లోయ వేడెక్కి ఆ విలువ బాగా తగ్గిపోతుంది. కొంగలు మనుషులవుతాయి. కానీ లోయలో ఉన్నవాటికే ఇది వర్తిస్తుంది, చవిటినేలలో ఉన్నవాటిని నువ్వే తెచ్చుకోవాలి. ఇంకో మాట. గీతకు పైన సున్నా ఎప్పటికీ రాదు. ఒక కొంగ మిగిలే ఉంటుంది."

"ఎవరు మిగులుతారు?"

"సూత్రానికి పేర్లు తెలియవు," అని శీతాక్షి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గుహలో గాలి నిలిచిపోయింది.

చవిటినేలలో చెంగల్వకు ముందు ఎముకలే కనిపించాయి. బతికిన కొంగలు ఒక బురదగుంట చుట్టూ చేరి ఉన్నాయి. ఆమె ఒక్కొక్కదాని కళ్లలోకీ చూసింది. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఆమె ముందు నడిస్తే రెక్కలు తెగిన ఆ కొంగలు వెనకే నడిచాయి. కనుమ దాటి లోయలోకి దిగగానే వెచ్చని గాలి తగిలింది. కొంగలు ఒక్కొక్కటే ఇద్దరేసి మనుషులయ్యాయి. వాళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు.

రాజు చెప్పులు లేకుండా ఎదురొచ్చాడు. ఎందరు రాలేదో చూసి కిరీటం తీసి చెంగల్వకు ఇవ్వబోయాడు.

"తరువాత చూద్దాం, ప్రభూ. ముసలివాళ్లు నడవలేకపోతున్నారు, ముందు వాళ్లకి చెయ్యి ఇవ్వండి," అంది చెంగల్వ.

మనుషులైనవాళ్లలో పోలమ్మ, కొమరుడు లేరు. వెంట వచ్చిన కొంగల్లో ఒకటి మాత్రం మారకుండా ఊరి చెరువు ఒడ్డున మిగిలింది. అది తన తల్లీ తమ్ముడేనో, వాళ్లు చవిటినేలలోనే పోయారో చెంగల్వకు తెలియదు. అలా తెలియనివాళ్లు ఇంకా ఎందరో ఉన్నారు. అందరూ వచ్చి ఆ కొంగకు చేపలు పెట్టేవారు. ప్రజలు చెంగల్వనే రాణిని చేసుకున్నారు. రాణి అయ్యాక కూడా ఆమె రోజూ చెరువు గట్టు మీద కూర్చునేది.

వానలు వెలిసిన ఒక ఉదయం ఆ కొంగ ఒళ్లు విదిల్చింది. ఒడ్డున పోలమ్మ నిలబడి ఉంది, ఆమె చంకలో కొమరుడు ఉన్నాడు. చెంగల్వ వాళ్లను గట్టిగా పట్టుకుంది. అంతలో అవతలి వీధిలో కేక వినిపించింది. కేతకి అనే అమ్మాయి తల్లిదండ్రులు గుమ్మంలోనే కొంగ అయిపోయారు. గీతకు పైన ఒక కొంగ ఉండి తీరాలి.

"పదవే, ఆ పిల్ల దగ్గర కూర్చుందాం," అంది పోలమ్మ.

కేతకి గోడకు ఆనుకుని శూన్యంలోకి చూస్తోంది. వాళ్లు వచ్చి పక్కన కూర్చోగానే అడిగింది. "కొంగ లోపల వాళ్లకి భయమేస్తుందా, అత్తా?"

"లేదమ్మా. వీడు నన్ను ఆనుకునే ఉన్నట్టుండేది. చలి మాత్రం వేసేది," అంది పోలమ్మ.

అప్పుడు కేతకికి ఏడుపు వచ్చింది. చెంగల్వ ఆమెను దగ్గరికి తీసుకుంది. ఏమవుతుందో అన్న భయం ఉన్నా పోలమ్మ వారించలేదు. ఇద్దరూ అలాగే చాలాసేపు ఉండిపోయారు.