గాజు ద్రాక్షలకు పట్టిన చీమలు

1878 ఏప్రిల్. వింజమూరు సున్నపు మేస్త్రి ఓబయ్య శవం ఆత్మకూరు దగ్గర ఒక ఎండిన బావిలో దొరికింది. మెడకు సన్నటి తీగ బిగించిన గుర్తు. వేళ్ళ సందుల్లో ఇంకా ఆరని సున్నం.

"మేస్త్రిని ఇంత నేర్పుగా చంపాల్సిన పని ఎవడికి ఉండాది?" ఉదయగిరి బంగళాలో ఇన్‌స్పెక్టర్ జనార్దనయ్య గొంతు తగ్గించాడు. "రేపు నాలుగు గంటలకు ఆత్మకూరు కచేరీ హాల్లో మ్యూజియం ఎగ్జిబిషన్. సున్నంలో గాజు ముక్కలు పొదిగిన పటాలు, పన్నెండు. తెచ్చినోడు ఇటలీ దొరనంటాడు. మన రిపోర్టులో వాడు రష్యా ఏజెంటు. ప్రారంభించేది కర్నల్ దొర. మన రెజిమెంటును రష్యా మీదికి మాల్టా దాకా నడిపించేది ఆయనే. నిన్న ఇక్కడ రెండు పీపాల మందుగుండు మాయమైనాది."

ఏజెంట్ పెంచలనరసయ్యకు భయమేసింది. కర్నల్ కోసం కాదు. ఆ హాలు గోడకు ఆనుకునే కరువు గంజి కేంద్రం. అక్కడ గంజి కాచేది అతని అక్క ఆదిశేషమ్మ.

"లోపల మన మనిషి రెబెకమ్మ. ఆ దొరకు దుబాసీ."

"ఆమె వాళ్ళకు కూడా పనిచేస్తా ఉంటే?"

"అది తేలాలంటే నువ్వు బతికి రావాల."

మర్నాడు నరసయ్య పంకా లాగేవాడి వేషంలో హాల్లో కూర్చున్నాడు. ముక్కుపొడి డబ్బా మూతలో అద్దం. తల తిప్పకుండానే వెనకాల ఎవరున్నదీ కనిపిస్తుంది. లేసు జాకెట్టు, పట్టు గొడుగు, అత్తరు వాసనతో రెబెకమ్మ పక్కకొచ్చి నిలబడి, గుర్తు మాట అడిగింది.

"గొర్రెలు ఏ దావన పోయినాయి?"

"సీతారామపురం దావన."

"పన్నెండో పటం. ఎనకమాల గడియారం మిషను. నాలుక్కి పేల్తాది." నవ్వి వెళ్ళిపోయింది. ఆ నవ్వు చూస్తే ఎవడైనా నమ్ముతాడు. మనవాడూ నమ్మాడు, ఖర్మ.

కర్నల్ బూట్ల చప్పుడు మెట్ల మీద వినిపించింది. నరసయ్య పంకా తాడు వదిలి పన్నెండో పటం వైపు నడిచాడు. ఏడో పటం దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. అందులో నల్లటి గాజు ద్రాక్షగుత్తి. నేల నుంచి దాని అంచు దాకా చీమలు బారులు తీరాయి.

గాజు ద్రాక్షలకు చీమలు పట్టడమేమిటి? ఓబయ్య గుర్తొచ్చాడు. ఈ సీమ మేస్త్రులు సున్నంలో బెల్లం నీళ్ళు కలిపి నూరుతారు. ఆరేదాకా చీమలు వదలవు. ఇటలీలో అతికిన పటానికి బెల్లం ఎక్కడిది? దీన్ని మాత్రం ఇక్కడే ఊడదీసి, వెనక గోడ తొలిచి మందుగుండు పెట్టి, మళ్ళీ అతికించారు. బెల్లానికి చీమలు పడతాయని దొరకు చెప్పగలిగిన ఒక్కణ్ణీ దొరే చంపుకున్నాడు.

అద్దంలో చూశాడు. గుమ్మం దగ్గర రెబెకమ్మ ముఖం పాలిపోయింది. ఇటలీ దొర అప్పటికే బయట ఉన్నాడు. గోడ గడియారంలో ఒక్క నిమిషం. అరిస్తే జనమంతా గంజి కేంద్రం వాకిలికే ఎగబడతారు, అక్కడే ఇరుక్కుని చస్తారు.

వెనక తలుపు తన్ని గంజి కేంద్రంలోకి దూకాడు. అక్క చేతిలోని ఇనుప గరిటె లాక్కుని, తుండుగుడ్డతో గంజి గుండిగ ఎత్తుకుని వచ్చాడు. నాలుగు దెబ్బలకు ద్రాక్షలు రాలాయి. లోపల టిక్ టిక్. కన్నంలోకి గంజంతా కుమ్మరించాడు. గంట కొట్టింది. లోపల గడియారానికి కట్టిన తుపాకీ సుత్తి టక్కున పడింది. తడిసిన మందు తుస్సుమంది.

కచేరీ గేటు దగ్గర జనార్దనయ్య మనుషులు దొరనీ రెబెకమ్మనీ పట్టుకున్నారు.

"పన్నెండు అని చెప్పినానే," అంది రెబెకమ్మ.

"చీమలు ఏడు అన్నాయి," అన్నాడు నరసయ్య.

సంగతి బయటికి పొక్కకూడదని ఆర్డరు. పంకావాడికి ఎండదెబ్బకు మతి చలించిందని కర్నల్‌కు చెప్పారు. వాకిట్లో నలభై మంది ముంతలు పట్టుకుని నిలబడే ఉన్నారు. ఆదిశేషమ్మ ఖాళీ గుండిగ చంకనేసుకుని తమ్ముడికి అడ్డం వచ్చింది.

"నలభై మంది గంజిరా అది. గోడకు పోస్తివే. ఇప్పుడు వీళ్ళేం తాగి బతకాల?"

రష్యా ముఠాను పట్టించిన గూఢచారి తలపాగా బిగించుకుని, పొయ్యిలోకి కట్టెలు తేవడానికి వెళ్ళాడు.