ఆపరేషన్ కర్చీఫ్

సాక్షి చచ్చిపోయాడు. తుపాకీ పేలలేదు, విషం దొరకలేదు. పోలీసు కాపలా మధ్య, ఆసుపత్రి మంచం మీద, వేళకి మందులు వేసుకుంటూనే పోయాడు. ఏళ్ల తరబడి బుద్ధిగా పనిచేసిన మార్పిడి కిడ్నీని ఉన్నట్టుండి అతని ఒళ్లే పరాయిదని తోసేసింది.

"సహజ మరణమని రాసేశారు," అన్నాడు చీఫ్. "నాకు నమ్మబుద్ధి కావట్లేదు."

ఎదురుగా కూర్చున్న ఏజెంటుని డిపార్ట్‌మెంటులో ఉడుము అంటారు. పట్టుకుంటే వదలడు, చెప్తే వినడు. ఈసారి మాత్రం చెవులు రిక్కించి విన్నాడు. కిటికీలు లేని ఆ బ్రీఫింగ్ గదిలో ఏసీ హోరు తప్ప ఇంకో చప్పుడు లేదు.

చీఫ్ పక్కన కూర్చున్న సైంటిస్టు కళ్లద్దాలు తుడుచుకుంది. "మన కణాల్లో ఇమ్యునోఫిలిన్లనే ప్రోటీన్లుంటాయి. మిగతా ప్రోటీన్లు సరిగ్గా మడత పడేలా చూడడం వాటి పని. కిడ్నీ మార్పిడి అయినవాళ్లు వేసుకునే మందు తనంతట తాను ఏమీ చెయ్యలేదు. వెళ్లి ఆ ఇమ్యునోఫిలిన్ మీద కూర్చుంటుంది. రెండూ కలిసి, రోగనిరోధక కణాల్ని నిద్రలేపే స్విచ్‌ని అదిమి పడతాయి. అందుకే ఒళ్లు కొత్త కిడ్నీ మీద తిరగబడదు."

"మరి ఇతనికేమైంది?"

"బస్సు కిటికీలోంచి ఎవరో సీటు మీద కర్చీఫ్ వేసేశారు. అసలు ప్యాసింజరు ఎక్కేసరికి చోటు లేదు." ఆమె నవ్వలేదు. "అలాంటి అణువు తయారైంది. ఇమ్యునోఫిలిన్ మీద కూర్చుంటే వారాల తరబడి లేవదు. స్విచ్ జోలికీ పోదు. నిజానికి దెబ్బతిన్న నరాలు బాగుచెయ్యడానికి చేసిన మందు అది. మామూలు మనిషి మింగితే ఏమీ కాదు, అందుకే ఏ టెస్టూ దాన్ని విషమనదు. మార్పిడి అయినవాళ్లకి మాత్రం ఒక్క క్యాప్సూల్ చాలు."

"చేసిందెవరు?"

"నెమలి," అన్నాడు చీఫ్. "అది మనం పెట్టిన పేరు. విదేశీ ముఠా ల్యాబులో కెమిస్టు. అక్కడ జీతం తీసుకుంటూ మనకి కబుర్లు అందిస్తోంది. తర్వాతి టార్గెట్ ఎవరో కూడా చెప్పింది. ఈ సాక్షి చెప్పాల్సిన ముఠా కేసు విచారిస్తున్న జడ్జిగారు. తీర్పు వచ్చే నెల. ఈలోపు ఆవిడ పోతే కేసు మళ్లీ మొదటికొస్తుంది."

ఉడుము కుర్చీలోంచి లేచాడు. ఆ జడ్జి అతని సొంత అక్క. ఆమె ఒంట్లో పనిచేస్తున్నది అతని కిడ్నీ.

"నిన్ను పంపకూడదనుకున్నాను," అన్నాడు చీఫ్.

"పంపకపోయినా వెళ్తాను సార్."

"తెలుసు. అందుకే పంపుతున్నా. ఆవిడకి మాత్రం చెప్పకు. దాక్కోమంటే దాక్కునే మనిషి కాదు."

మర్నాడు పొద్దున, అక్క పరీక్షకి వచ్చే ట్రాన్స్‌ప్లాంట్ క్లినిక్‌లో రక్తం తీసే టెక్నీషియన్ ఒకడు కొత్తగా కనిపించాడు. నెరిసిన మీసం, వినికిడి మిషన్, చేతిలో సూదుల ట్రే. మిషన్‌లో చీఫ్ గొంతు, చొక్కా గుండీలో కెమెరా. కారిడార్లో ఫినాయిల్ వాసన. బెంచీల మీద మాస్కులు కట్టుకున్నవాళ్లు ఒకరికొకరు ఎడంగా కూర్చున్నారు. వాళ్లలో ఎవరి ఒంట్లో ఆ క్యాప్సూల్ ఉందో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. ఉడుము ఒక్కొక్క మొహమే చూసుకుంటూ నడిచాడు.

తెల్లకోటులో ఒక ఆడమనిషి ఎదురొచ్చింది. ఆమె అందం చూసి ఫోన్లో మాట్లాడుతున్న అటెండరు మాట మధ్యలో ఆగిపోయాడు.

"లిఫ్ట్ పనిచేస్తోందా?" అంది.

"కిందికి మాత్రమే," అన్నాడు ఉడుము.

కోడ్ కుదిరింది. నెమలి పెదాలు కదపకుండా చెప్పింది. "కారిడార్ చివర మగ నర్సు. డ్రిప్‌లో కలుపుతాడు. వెళ్లు."

ఉడుము అటు నడిచాడు. వెనక, అక్క కూర్చున్న గదిలోంచి నెమలి గొంతే మళ్లీ వినిపించింది. "మేడమ్, ముందీ క్యాప్సూల్ వేసేసుకోండి. తర్వాత రక్తం తీస్తారు."

అతని కాళ్లు ఆగిపోయాయి.

ఈ క్లినిక్‌లో ఎవరూ ఆ మాట అనరు. మందు మోతాదు చూసే రోజున ముందు రక్తం, ఆ తర్వాతే మాత్ర. ముందే మింగితే లెక్క తప్పొస్తుంది. ఇక్కడ తుడిచేవాళ్లు కూడా పలకరింపు బదులు "మాత్ర వేసుకోలేదు కదా?" అని అడుగుతారు. అక్కకి తోడొచ్చిన ప్రతిసారీ ఉడుము విన్న ప్రశ్నే అది.

"రక్తం తీశాక కదమ్మా?" అంటోంది అక్క.

"డాక్టరుగారు ఇవాళ్టినుంచి మార్చారండీ."

కోర్టులో ఎవరి మాటా ఓ పట్టాన ఒప్పుకోని అక్క, డాక్టరు పేరెత్తితే పసిపిల్ల.

"ఎందుకాగావ్?" చెవిలో చీఫ్. "నెమలి మన మనిషి, నేనే లోపలికి పంపించాను. నర్సుని పట్టుకో. ఇది ఆర్డర్."

ఉడుము మిషన్ పీకి పారేశాడు. తలుపు తోసేసరికి క్యాప్సూల్ ఆమె నాలుక మీదుంది, నీళ్ల గ్లాసు పెదాలకి ఆనింది.

"అక్కా, మింగకు."

నెరిసిన మీసాన్ని ఆమె ఎరగదు. ఆ గొంతుని ఎరుగును. మారుమాట లేకుండా అరచేతిలోకి ఉమ్మేసింది.

నెమలి చెయ్యి కోటు జేబులోకి పోయింది. ఉడుము ట్రేలోని రబ్బరు పట్టీ లాగి ఆ మణికట్టుకి చుట్టి మెలిపెట్టాడు. సిరంజి నేలమీద పడి పగిలింది.

"ఆ ప్రోటీన్ ఎముకలు లెక్కపెట్టినంత చదివావు," అన్నాడు. "ముందు రక్తమని తెలీదా?"

"నేను రోగుల్ని ఎప్పుడూ చూడలేదు," అంది నెమలి, చల్లగా. "అణువుల్నే చూశాను."

ఆమె జేబులో క్యాప్సూళ్ల సీసా దొరికింది. సగానికి పైగా ఖాళీ.

"మిగతావేవి?"

"చేరాల్సినవాళ్లకి చేరాయి," అని నవ్వింది. బయట బెంచీల మీద ఎవరో పేరు పిలిస్తే ఎవరో లేచారు. "బయట ఎవరెవరికి మాత్రలిచ్చిందో కనుక్కోండి, ఎవర్నీ ఇంటికి పోనివ్వద్దు," అని ఉడుము గార్డుల్ని కేకేశాడు.

గార్డులు ఆమెని తీసుకెళ్లాక ఉడుము కుర్చీలో కూలబడ్డాడు. "నువ్వు పోతావేమోనని చచ్చేంత భయమేసిందే అక్కా," అన్నాడు. కళ్లలో నీళ్లు ఆగలేదు.

అక్క అతని మీసం మెల్లగా పీకి పక్కన పెట్టి, తల నిమిరింది. తర్వాత గడియారం చూసుకుని జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. "ముందు ఎవరినన్నా పిలువు. రక్తం తియ్యాలి, మాత్ర వేసుకోవాలి, కోర్టుకి పోవాలి."

ఉడుము ట్రేలోంచి సూది అందుకున్నాడు.

"అది అక్కడ పెట్టరా," అంది అక్క. "కిడ్నీ ఇచ్చావు కదా అని ఒళ్లంతా నీకు రాసివ్వలేదు."