రాజమల్లు వినని బండి

బోధన్ దాటి నిజామాబాద్ రోడ్డెక్కగానే కాలువ వంతెన వస్తుంది. వంతెన దిగితే ఇటుపక్క చాయ్ డబ్బా, అటుపక్క రెండు రేకుల గదులు. ఆ గదుల్లో ఒకదాంట్లో రాజమల్లు అనే ముసలాయన ఉండేవాడు. లారీల షెడ్డులో ముప్పై ఏళ్లు పనిచేసి, కంటి జబ్బుతో రెండు కళ్లూ పోగొట్టుకున్నాడు. కళ్లు పోతే పోయాయి గానీ, అబ్బ, ఏం చెవులవి! బండి ఇంకా వంతెన అవతల ఉండగానే అది ఎవరిదో, దానికేం రోగమో చెప్పేసేవాడు. "శాంతీ, నీ బండి రెండో గేర్ల మూలుగుతున్నది, జర సూపియ్యి" అన్నాడంటే, వారం తిరక్కుండా గేర్‌బాక్స్ విప్పాల్సిందే.

ఆ శాంతి అంటే శాంతి కుమార్. బోధన్‌లో ట్యాక్సీ నడుపుకునేవాడు. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి, నలుగురిలో మంచివాడనే పేరు. పెళ్లాం పోయి నాలుగేళ్లయింది. తొమ్మిదేళ్ల కూతురు ప్రిస్కిల్లా తప్ప అతనికి లోకంలో ఇంకేమీ లేదు.

ఆ పిల్లకూ రాజమల్లుకూ ఒక ఆట ఉండేది. ఎవరు దగ్గరికొచ్చినా ఆయన "ఎవరు?" అని అడుగుతాడు కదా. ఇది జవాబు చెప్పదు. చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని, ఊపిరి బిగబట్టి వెనకాల నిలబడుతుంది. ఆయన తల అటూ ఇటూ తిప్పి మళ్లీ "ఎవరూ?" అంటాడు. మూడోసారికి దీనికి నవ్వాగదు. "నేనే తాతా, ప్రిస్కిల్లను" అంటుంది. "దొరికినవ్" అని చెయ్యి పట్టేస్తాడు ముసలాయన. ఇక ఆ చెయ్యి వదలకుండానే ఆయన్ని రోడ్డు దాటించి చాయ్ డబ్బా దగ్గర కూర్చోబెట్టేది. పిల్ల లేని పూట మాత్రం ఆయనకు చెవులే దిక్కు. రోడ్డంచున నిలబడి, అటు విని, ఇటు విని, ఏ బండీ లేదని నమ్మకం కుదిరాకే అడుగు వేసేవాడు.

ఇట్లా ఉండగా కాలం మారింది. డీజిల్ బండ్ల పని అయిపోయిందని ట్యాక్సీ స్టాండులో రోజూ ఒకటే ముచ్చట. పదిహేనేళ్లు దాటితే తుక్కుకు పోవాల్సిందేనట, రేపు పట్నాల్లోకి పొగ బండ్లను రానియ్యరట, ఎల్లుండి డ్రైవర్లే లేని కార్లట. శాంతి కుమార్ బండికి పద్నాలుగు నిండాయి. భయం పట్టుకుంది. దాన్ని వదిలించుకుని, నిజామాబాద్‌లో ఒక కంపెనీ కిరాయికిస్తున్న కరెంటు కారు తెచ్చుకున్నాడు. మనిషికి దెబ్బ తగిలించినట్టు తేలితే బండి వాపస్ లాక్కుంటామని కంపెనీవాళ్లు ముందే సంతకం పెట్టించుకున్నారు.

కారు తెల్లగా ఉంది, మెత్తగా పోతోంది. స్టార్ట్ అయిందో లేదో కూడా తెలియదు. రాజమల్లు దాని బానెట్ మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. "పొగ పోతే మంచిదే బిడ్డా. సప్పుడు గూడ పోతే నా అసుంటోడు యాడ నిలవడాలె?" అన్నాడు.

దానికీ ఒక ఉపాయం పెట్టారు లెండి. నెమ్మదిగా పోయేటప్పుడు నడిచేవాళ్లకు తెలియాలని ఆ కార్లకు ముందు బంపర్ కింద ఒక డబ్బా ఉంటుంది. అది సన్నగా జుమ్మని మోగుతుంది. రాజమల్లు రెండు రోజుల్లో ఆ మోత నేర్చుకున్నాడు. కానీ మన డ్రైవర్లు ఊరుకుంటారా! ఆ డబ్బా ఊరికే కరెంటు తాగుతుందనీ, వైరు పీకేస్తే ఒక్కో ఛార్జింగుకు ఐదు కిలోమీటర్లు ఎక్కువొస్తాయనీ స్టాండులో ఎవరో అన్నారు. నిజమో కాదో చూసిన పాపాన ఎవరూ పోలేదు. పక్కనున్న ఆంధ్రా రైతుల క్యాంపు నుంచి రోజూ తెల్లవారుజామునే శాంతి కుమార్ కారెక్కే రామకోటేశ్వరరావు గారు కూడా, చెవిలో దోమ దూరినట్టుందయ్యా అని విసుక్కున్నారు. మెకానిక్ భూమేష్‌కు ఆ వైరు పీకడానికి రెండు నిమిషాలు పట్టింది. ఈ సంగతి రాజమల్లుకు చెప్పాలనుకున్నాడు శాంతి కుమార్. రేపు చెబుదాంలే అనుకున్నాడు.

జనవరి నెల, చెరుకు నరికే రోజులు. ఆ పొద్దున ఆరు కావస్తోంది. కాలువ మీది నుంచి లేచిన పొగమంచు రోడ్డును పూర్తిగా మింగేసింది. ఎక్కడో చెరుకాకు తగలబెట్టిన వాసన, దాని కింద తడిమట్టి వాసన. లైట్లు వేస్తే ఎదురుగా తెల్లటి గోడ తప్ప ఏమీ లేదు. క్యాంపుకు పోవడానికి బయల్దేరిన శాంతి కుమార్, మనిషి నడక కన్నా కాస్త వేగంగా కారును పోనిస్తున్నాడు. తన చేతి గడియారం టిక్కుటిక్కు తనకే వినిపిస్తోంది. వంతెన దిగాడు.

ఏదో మెత్తగా తగిలింది. చేతికర్ర ఒకటి టకటకా దొర్లిపోయింది.

దిగి చూశాడు. రోడ్డు నడిమధ్య రాజమల్లు పడి ఉన్నాడు. ఒక కాలు తొడ దగ్గర తిరగకూడని వైపుకు తిరిగి ఉంది. ప్రాణం మాత్రం గట్టిగానే ఉంది. మొహం అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"ఎవరు?" అన్నాడు.

శాంతి కుమార్ నోరు తెరిచాడు. కంపెనీ కాగితం గుర్తొచ్చింది. పీకేసిన వైరు గుర్తొచ్చింది. తాను జైలుకు పోతే ప్రిస్కిల్లా ఎవరి పంచన బతుకుతుందన్నది గుర్తొచ్చింది. నోరు మూసుకున్నాడు. తర్వాత మెల్లగా వంగి, చెప్పులు విప్పి చేతిలో పట్టుకున్నాడు. తన నడకను ముసలాయన పోల్చుకుంటాడని అంత కంగారులోనూ తోచింది చూడండి, ఛీ, ఏం మనిషి!

"ఎవరున్నరు బిడ్డా... ఊపిరి ఇనవడుతున్నది... ఏం బండది? సప్పుడే రాలె..."

ఊపిరి కూడా బిగబట్టాడు.

దూరంగా ట్రాక్టర్ మోత మొదలైంది. పాటలు గట్టిగా పెట్టుకుని వస్తోంది. రాజమల్లు తల ఎత్తి విన్నాడు. అంత నొప్పిలోనూ ఆ చెవులు తమ పని మానలేదు. "నర్సింలు ట్రాక్టరది... రెండు ట్రాలీల చెరుకున్నది... బ్రేకు కొట్టినా ఆగది. జర పక్కకు గుంజు బిడ్డా. నువ్వు ఎవరన్నది నేనడుగ."

శాంతి కుమార్ చెయ్యి చాపాడు. చంకల కింద పట్టుకుని నాలుగడుగులు లాగితే చాలు. అంతే పని. కానీ ముసలాయనకు తన చెయ్యి తెలుసు. ముట్టుకుంటే తెలిసిపోతుంది. చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కారెక్కి, చప్పుడు కాకుండా తలుపు మూసుకున్నాడు. కారు పక్క నుంచి జారుకుంటుంటే రాజమల్లు అటువైపే మొహం తిప్పి ఉన్నాడు.

వెనకాల వినిపించింది ఏమిటో నేను చెప్పను.

నర్సింలును పోలీసులు తీసుకుపోయారు. మనిషి అడ్డం పడి ఉన్నాడు సార్, నేను చూడలేదు సార్ అని వాడు మొత్తుకున్నా ఎవరు నమ్ముతారు? రాజమల్లు పాడె మోసిన నలుగురిలో శాంతి కుమార్ ఒకడు. ప్రిస్కిల్లా ఏడ్చి ఏడ్చి జ్వరం తెచ్చుకుంది.

ఐదో రోజు పొద్దున, వెనక సీట్లో రామకోటేశ్వరరావు గారిని కూర్చోబెట్టుకుని టౌనుకు పోతున్నాడు. రైల్వే గేటు దగ్గర కారు నెమ్మదించింది. ముందు బంపర్ కింద నుంచి, సన్నగా...

"ఎవరు?"

రామకోటేశ్వరరావు గారు పేపరు దించారు. "ఎవరో పిలిచినట్టున్నారయ్యా, ఒకసారి చూడు" అన్నారు. శాంతి కుమార్ చూడలేదు. గేటు లేవగానే ఉరికించాడు.

భూమేష్ బంపర్ విప్పి చూశాడు. వైరు ఎప్పుడు పీకిందో అట్లాగే వేలాడుతోంది. అయినా శాంతి కుమార్ ఊరుకోక ఆ డబ్బాను ఊడబీకించి, తీసుకుపోయి కాలువలో విసిరేశాడు. మర్నాడు మళ్లీ వినిపించింది. కారు ఎక్కడ నెమ్మదిస్తే అక్కడ. మార్కెట్ యార్డు ముందు, పసుపు బస్తాల మధ్య. పెట్రోల్ బంకు మూల మీద. తన ఇంటి గేటు ముందు. అందులో కోపం లేదు, ఏడుపు లేదు. జవాబు కోసం ఆగినట్టు అడగడం, కాసేపు ఊరుకోవడం, అంతే. ఆ ఊరుకోవడానికే శాంతి కుమార్‌కు చెమటలు పట్టేవి.

దానికి ఏం కావాలో అతనికి తెలియదా? తెలుసు. నేనే అన్న ఒక్క మాట. ఆ మాట పోలీస్ స్టేషన్లో అంటే నర్సింలు కూడా ఇంటికొస్తాడు. రెండుసార్లు గొంతు దాకా వచ్చింది కూడా. రెండుసార్లూ అద్దం కింద అంటించుకున్న ప్రిస్కిల్లా ఫోటో చూసి మింగేశాడు. నా కోసం కాదు ప్రభువా, నా బిడ్డ కోసమే అని ప్రార్థనలో కూడా చెప్పుకున్నాడు. దేవుణ్ణి కూడా మోసం చేయొచ్చనుకున్నాడేమో మరి. అప్పట్నుంచి కారు నెమ్మదించకుండా నడపడం నేర్చుకున్నాడు.

నెల తిరిగింది. మళ్లీ ఒక పొగమంచు పొద్దున. బడి ఆటో రాలేదు, పిల్లకు పరీక్ష ఉంది. చేసేది లేక ప్రిస్కిల్లాను ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. వంతెన దగ్గర ఆగకుండా దాటేద్దామని అతని లెక్క. కానీ వంతెన మీద చెరుకు ట్రాక్టర్లు వరస కట్టి ఉన్నాయి. కారు నడక వేగానికి దిగింది. ఇంకా తగ్గింది.

"ఎవరు?"

పిల్ల చటుక్కున నిటారుగా కూర్చుంది. నెల రోజులుగా వాడిపోయి ఉన్న మొహం ఒక్కసారి వెలిగింది.

"మాట్లాడకు బిడ్డా," అన్నాడు శాంతి కుమార్ గుసగుసగా.

"ఎవరూ?"

"వద్దు ప్రిస్కీ... వద్దు..." దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయాడు. అది అప్పటికే కిటికీ అద్దం దించేసింది. నవ్వాపుకోలేకపోతోంది. మంచులోకి తల పెట్టి చెప్పేసింది.

"నేనే తాతా, ప్రిస్కిల్లను."

తర్వాత, ఈసారి బంపర్ కింద నుంచి కాదు... ఆ కిటికీ పక్క నుంచి...

"దొరికినవ్."

అంతే. ఆ తర్వాత కారు మరి మాట్లాడలేదు. వంతెన దిగి, చాయ్ డబ్బా దాటినా మాట్లాడలేదు. శాంతి కుమార్ హమ్మయ్య అనుకున్నాడు. అవును, అనుకున్నాడు. పోనీలే, పిల్ల నోటితోనైనా పీడ వదిలింది అనుకున్నాడు.

బడి రోడ్డుకు అవతల ఉంది. కారు ఇవతల ఆపాడు. మంచులో పది అడుగుల అవతల ఏమీ కనిపించడం లేదు గానీ, చెవులు బద్దలవుతున్నాయి. ట్రాక్టర్ వెనక ట్రాక్టర్, హారన్లు, పాటలు, ట్రాలీల గొలుసుల మోత. పిల్ల బ్యాగు తగిలించుకుని దిగింది. రోడ్డంచున నిలబడి, రాజమల్లు నేర్పినట్టే అటు విన్నది, ఇటు విన్నది. తర్వాత కిటికీ దగ్గరికి వంగింది.

"బాపూ, ఇయ్యాల బండ్లన్ని యాడ పోయినయ్? రోడ్డు మీద సప్పుడే లేదు."

అని రోడ్డు వైపు తిరిగింది. శాంతి కుమార్ ఈసారి నోరు తెరిచాడు. గొంతు చించుకుని అరిచాడు. ఆ మోతలో అతని అరుపు అతనికే వినిపించలేదు. తలుపు తీసుకుని బయట పడేసరికి పిల్ల మంచులోకి రెండడుగులు వేసేసింది. దాని కుడి చెయ్యి పక్కకు చాపి ఉంది. వేళ్లు ముడుచుకుని, ఎవరి చెయ్యో పట్టుకుని జాగ్రత్తగా రోడ్డు దాటిస్తున్నట్టు ఉన్నాయి.